కీచురాళ్ళు ఆగినప్పుడు

హైదరాబాదులో విలీనాల పరిశీలన కార్యాలయంలో నరహరి అనే అధికారి ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, ఎదుటివాళ్ళు నోరు మెదపకపోతే ఒప్పుకున్నారని అనుకోవడం అతనికి అలవాటు.

ఆ అలవాటు ఇంట్లోనే ముదిరింది. "ఈ ఆదివారం మా అక్కయ్య వాళ్ళింటికి వెళ్దాం. ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగేవాడు. అతని భార్య శకుంతల పెళ్ళయిన కొత్తలో ఒకటి రెండుసార్లు అభ్యంతరం చెప్పి చూసింది. చెప్పినప్పుడల్లా అతను మొహం ముడుచుకుని, అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవాడు. దాంతో ఆవిడ చెప్పడం మానేసింది. మా ఇంట్లో గొడవన్నదే ఉండదని నరహరి కనిపించినవాళ్ళందరితో గొప్పగా చెప్పుకునేవాడు.

ఒక పెద్ద కంపెనీ మరో కంపెనీని కొనుక్కోవాలంటే ముందు నరహరి పనిచేసే కార్యాలయం సరేననాలి. ఆ కొనుగోలు వల్ల చిన్నవాళ్ళు నలిగిపోతారా, జనానికి వేరే దారి లేకుండా పోతుందా అని చూడటమే అక్కడివాళ్ళ పని. వాళ్ళకి జీతం దానికే ఇస్తారు.

ఒకసారి మహామేరు అనే వీడియో గేముల కంపెనీ పిచ్చుక అనే కంపెనీని కొంటానని వచ్చింది. మహామేరు చాలా పెద్దది. పిల్లలు కళ్ళార్పకుండా ఆడే పెద్ద ఆటలు దాదాపు అన్నీ దానివే. పిచ్చుక సొంతంగా ఆటలు తయారు చెయ్యదు. అది ఫోన్లో ఉండే ఒక దుకాణం. ఇద్దరో ముగ్గురో కలిసి ఇంట్లో కూర్చుని తయారు చేసిన చిన్న చిన్న ఆటలు అక్కడ అమ్ముడుపోయేవి. మహామేరుకి అప్పటికే అలాంటి దుకాణం ఒకటి ఉంది. ఈ రెండోది కూడా దాని చేతికి పోతే ఇక మూడోది లేదు. ఆ ఫైలు నరహరి బల్ల మీదికి వచ్చింది.

విచారణకి ముందు రజిత అనే అమ్మాయి తన అన్న లింగస్వామి చెయ్యి పట్టుకుని నరహరి గదికి తీసుకొచ్చింది. వాళ్ళది ములుగు దగ్గర ఒక పల్లె. లింగస్వామికి చూపు లేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి పోయింది. తోటివాళ్ళు ఫోన్లలో ఆడుకుంటుంటే పక్కన కూర్చుని వాళ్ళ కేకలు వినడమే అతని ఆట. అది చూసి చూసి రజిత, చదువు అయిపోయాక, చెవులతో ఆడే ఆట ఒకటి తయారు చేసింది. దాని పేరు అడవిదారి, పిచ్చుకలోనే అమ్ముడుపోయేది. అందులో బొమ్మలుండవు, తెరంతా నల్లగా ఉంటుంది. చప్పుళ్ళు వింటూ అడవి దాటి ఇల్లు చేరుకోవాలి. ఎక్కడెక్కడి హాస్టళ్ళలోనో చూపులేని పిల్లలు ఆ ఆట ఆడేవాళ్ళు. ఇల్లు చేరినవాళ్ళు లింగస్వామికి ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పుకునేవాళ్ళు. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ ఆట మీదే బతికేవాళ్ళు.

"ఒక్కసారి ఆడి చూస్తరా సార్?" అన్నాడు లింగస్వామి.

నరహరికి సరదా పుట్టింది. ఆటని తన ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చుట్టూ కీచురాళ్ళు అరుస్తున్నాయి. ఎడమ పక్క ఎక్కడో వాగు పారుతోంది. ఎండుటాకుల మీద తన అడుగుల చప్పుడు తనకే వినిపిస్తోంది. కాసేపటికి కీచురాళ్ళు ఆగిపోయాయి. అమ్మయ్య, రొద తగ్గిందనుకుని నరహరి ముందుకు నడిచాడు. పులి మీద పడింది. అతను కుర్చీలోంచి లేచినంత పని చేశాడు.

లింగస్వామి నవ్వాడు. "మొదటిసారి అందరు అట్లనే పోతరు సార్. కీచురాళ్లు ఊకున్నయంటే పక్కన ఏదో వచ్చి నిలబడ్డట్టు. అప్పుడు కదలొద్దు."

"భలే ఉందయ్యా," అన్నాడు నరహరి. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

అప్పుడు రజిత అసలు సంగతికి వచ్చింది. "సార్, పిచ్చుక మహామేరు వాళ్ల చేతులకు పోతే మా ఆట ఉండదు. మా అసుంటోళ్లు చానా మంది ఉన్నరు. అందరికీ చెప్పాలనే ఉన్నది. గని వాళ్ల ముంగట చెప్పలేం. రేపు మీరు సరే అన్నరనుకో, మేం ఆటలు అమ్ముకోవాల్సింది వాళ్ల దుకాణంలనే గద. మమ్ముల విడిగ పిలిచి అడుగుండ్రి."

విడిగా పిలిచి అడగడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. చెప్పినవాళ్ళ పేర్లు బయటికి రాకుండా దాచే వీలు కూడా ఉంది. ఇవన్నీ నరహరికి బాగా తెలుసు. కాని ఒకరిని బయట కూర్చోబెట్టి ఇంకొకరితో మాట్లాడటం అతనికి మర్యాదగా తోచలేదు. మహామేరు వాళ్ళు ఏమనుకుంటారో అని కూడా అనుకున్నాడు. మొహం ముడుచుకునే మనిషికి, ఎదుటివాళ్ళు మొహం ముడుచుకుంటారన్నా భయమే.

"భయమెందుకమ్మా, నేనుంటాగా. అందరి ముందూ అడుగుతాను. ధైర్యంగా లేచి చెప్పండి," అన్నాడు.

రజిత ఏదో అనబోయి ఊరుకుంది. సరేనందని నరహరి అనుకున్నాడు.

విచారణ రోజున హాలు నిండిపోయింది. చిన్న ఆటలు తయారు చేసేవాళ్ళంతా వెనక వరసల్లో సర్దుకున్నారు. ముందు వరసలో మహామేరు ప్రతినిధి భాస్వంత్ కూర్చున్నాడు. మంచి మాటకారి. విచారణ మొదలయ్యే ముందు వెనక వరసల్లోకి వెళ్ళి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించాడు. "అడవిదారి మీదే కదండీ? మా అమ్మాయికి ఎంత ఇష్టమో," అని రజితతో అన్నాడు. వాళ్ళమ్మాయి సంగతి మనకి తెలియదు. రజిత పేరూ ఆమె ఆట పేరూ అతనికి కంఠతా వచ్చన్నది మాత్రం నిజం.

తర్వాత అతను మైకులో మాట్లాడాడు. వెనక కూర్చున్నవాళ్ళంతా తమ కుటుంబమేనన్నాడు. పిచ్చుక తమ దగ్గరికి వచ్చినా ఎవరి ఆటకీ లోటు రాదన్నాడు.

నరహరి గొంతు సవరించుకున్నాడు. "ఈ కొనుగోలు మీద ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగాడు.

అంతవరకూ హాల్లో గుసగుసలు వినిపించాయి, దగ్గులు వినిపించాయి, కుర్చీలు కిర్రుమన్నాయి. అతను అడగ్గానే అన్నీ ఆగిపోయాయి. భాస్వంత్ వెనక్కి తిరిగి, చిరునవ్వుతో అందరి మొహాలూ వరసగా చూశాడు. రజిత లేవబోయింది. లింగస్వామి ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు.

"మళ్ళీ అడుగుతున్నాను," అన్నాడు నరహరి. మళ్ళీ అంతే. అతని ప్రాణం హాయిగా ఉంది. ఇంత పెద్ద వ్యవహారం ఒక్క పెడసరం మాట లేకుండా తేలిపోయిందని సంతోషించాడు. అందరికీ సమ్మతమేనని రాసి, కొనుగోలుకి సరేనన్నాడు. పై అధికారులు దాని మీదే సంతకాలు పెట్టారు. ఆ సాయంత్రం అతను ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళాడు.

మహామేరు వాళ్ళు పగబట్టి ఏమీ చెయ్యలేదు. వాళ్ళకంత తీరిక లేదు. రెండు దుకాణాలనీ ఒకటి చేసి, ఆటల్ని పరీక్షించే పని ఒక కంప్యూటర్ ప్రోగ్రాముకి అప్పగించారు. అది ప్రతి ఆటనీ తెరిచి, తెర మీద బొమ్మలు కదులుతున్నాయా అని చూసేది. అడవిదారిని తెరిచింది. తెర నల్లగా ఉంది. ఆట చెడిపోయిందని తేల్చి తీసేసింది. ఇది చూపులేనివాళ్ళ కోసం చేసిన ఆట అని రజిత ఎన్నోసార్లు రాసి మొరపెట్టుకుంది. జవాబు కూడా ఆ ప్రోగ్రామే ఇచ్చింది. ముందు తెర బాగుచేసుకుని రమ్మంది. పోనీ ఇంకో దుకాణానికి వెళ్దామంటే, ఇంకో దుకాణం లేదు.

అంతకుముందే ఫోన్లలోకి ఎక్కించుకున్న ఆట కూడా పనిచెయ్యడం మానేసింది. హాస్టళ్ళ పిల్లలు లింగస్వామికి ఫోన్ చేసి, ఆట మళ్ళీ ఎప్పుడొస్తుందన్నా అని అడిగేవాళ్ళు. కొన్నాళ్ళు అతను వస్తుందని చెప్పాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇల్లు గడవాలి గనక రజిత ఉద్యోగం వెతుక్కుంది. ఆటల మధ్యలో ప్రకటనలు అమర్చే పని దొరికింది. అదీ మహామేరులోనే.

ఒకనాడు నరహరి ఇంటికి వచ్చిన చుట్టాలకి ఆ వింత ఆట చూపిద్దామని ఫోన్ తీశాడు. నల్లటి తెర వచ్చింది. వాగూ లేదు, కీచురాళ్ళూ లేవు. అడ్రసు కనుక్కుని అన్నాచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళాడు. రజిత అంతా చెప్పింది.

"ఆ రోజు మీరు ఒక్క మాట అనుంటే ఆపేవాణ్ణి కదమ్మా. ఎందుకు మాట్లాడలేదు?" అన్నాడు నరహరి.

రజితకి కోపం కూడా రాలేదు. "ముందే చెప్పిన గద సార్ మీకు, వాళ్ల ముంగట అడగొద్దని," అంది.

లింగస్వామి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "ఆ దినం హాలంత ఒక్కసారే ఊకున్నది సార్. నాకు పులి ఇనబడ్డది. మీకు ఇనబడలేదా?" అని అడిగాడు.

నరహరి తల వంచుకుని బయటికి వచ్చాడు. మర్నాడు పై అధికారి దగ్గరికి వెళ్ళి, ఆ నిర్ణయాన్ని తిరగదోడాలన్నాడు.

"అందరికీ సమ్మతమేనని రాసింది మీరే కదండీ. ఇప్పుడు ఏమని తిరగదోడతాం?" అన్నాడు పై అధికారి. "అయినా పిచ్చుక ఇంకా ఎక్కడుంది విడదియ్యడానికి? కాఫీలో కరిగిపోయిన పంచదారని బయటికి తియ్యగలమా?"

అని, అదే చేత్తో ఇంకో ఫైలు అందుకున్నాడు. చిన్న ఊళ్ళలో మిగిలిన గేముల కంపెనీలని కూడా మహామేరు కొంటోంది. ఆ విచారణ కూడా నరహరే చెయ్యాలన్నాడు. కిందటిసారిలాగే గొడవ లేకుండా ముగించమన్నాడు. "మీకేమీ అభ్యంతరం లేదుగా?" అని అడిగాడు.

నరహరికి ఉంది. గొంతు దాకా వచ్చింది. కాని బదిలీలు చేసే మనిషి ఎదురుగా కూర్చుని, నవ్వుతూ తనవైపే చూస్తున్నాడు. నరహరి నోరు పెగల్లేదు. పై అధికారి తృప్తిగా తలాడించి, ఫైలు అతని వైపు జరిపాడు.

ఆ ఫైలు చంకలో పెట్టుకుని నరహరి ఇంటికి వెళ్ళాడు. శకుంతల మాట్లాడకుండా అన్నం వడ్డించింది. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా తాను గొప్పలు చెప్పుకున్న ఆ ప్రశాంతతని చూస్తే, ఆ పూట అతనికి భరించలేనంత భయం వేసింది. ఏదో అడగాలనుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఎలా అడగాలో తెలియలేదు.

భయపడేవాళ్ళ మౌనం ఒప్పుకోలు కాదు. వాళ్ళు భయం లేకుండా మాట్లాడగలిగే చోటు ఇవ్వకుండా అడగడం, అసలు అడగకపోవడమే.