కొమ్ముల కోట

అనగనగా ఒక వెదురు అడవిలో ఇరవై అడవిదున్నలు ఉండేవి. వాటికి దళపతి బండకొమ్ము. ఒళ్ళు కొండంత, పట్టుదల అంతకు రెండింతలు.

వేసవి ముదిరితే రేచుకుక్కల గుంపు ఆ వైపు వస్తుంది. వాటి కళ్ళెప్పుడూ దూడల మీదే. అందుకని బండకొమ్ము నెల రోజుల శిక్షణ పెట్టాడు. తను రంకె వేయగానే పెద్ద దున్నలన్నీ తోకలు లోపలికి, కొమ్ములు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడాలి. దూడలు మధ్యలో ఉండాలి. దాని పేరే కొమ్ముల కోట.

మొదటి రోజే మూడు దూడలూ కోటను కలగాపులగం చేశాయి. ఒకటి తల్లి కాళ్ళకు అడ్డం పడింది. ఒకటి దళపతి తోక నమిలింది. అన్నిటికంటే చిన్నది మధ్యలో హాయిగా నిద్రపోయింది.

"వీటితో గుండ్రం కుదరదు. నా రంకె వినగానే దూడలు చెట్ల కిందికి పోవాలి. మనకు బాగా వచ్చాక కలుపుకుందాం," అన్నాడు బండకొమ్ము.

వారం గడిచాక, దూడల్ని ఎప్పుడు కలుపుతావని ముసలి దున్న చుక్కమ్మ అడిగింది. ఇంకా వంకరగా ఉందన్నాడు. రెండో వారం అడిగితే వేగం చాలదన్నాడు. మూడో వారం కాస్త గట్టిగానే అడిగింది.

"నాయనా, ఈ కోట ఎవరికోసం కడుతున్నాం?"

"ఇప్పుడిప్పుడే గుండ్రం వచ్చింది పెద్దమ్మా. చెడగొట్టకు."

నిజంగానే వచ్చింది. పైనుంచి చూసి కొంగలు కూడా మెచ్చుకున్నాయి. ఆ పూట దళపతి రెండింతలు గడ్డి మేశాడు.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం రేచుకుక్కలు రానే వచ్చాయి. బండకొమ్ము రంకె వేశాడు. రెప్పపాటులో కోట లేచింది. ఒక్క కొమ్ము వంకర లేదు. అతను మురిసిపోతూ వెనక్కి చూశాడు.

మధ్యలో గడ్డి ఉంది. దూడలు లేవు.

అవి నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశాయి. రంకె వినగానే బుద్ధిగా చెట్ల కిందికి వెళ్ళి నిలబడ్డాయి. కుక్కలు కూడా అటే వెళ్ళాయి.

చుక్కమ్మ కోట వదిలి పరుగెత్తింది. వెనకే బండకొమ్ము, అతని వెనక అందరూ. కుక్కల్ని తరిమేసరికి చిన్న దూడ వెనక కాలు వాటి నోట పడి నలిగిపోయింది. అది మళ్ళీ తిన్నగా నడవలేదు.

మర్నాడు బండకొమ్ము దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"రంకె వినగానే నా పొట్ట కిందికి రావాలంటే నీకెన్ని అడుగులు పడతాయి?"

అది కుంటుతూ వచ్చి చూపించింది. పదకొండు.

ఆ రోజు శిక్షణ ఆ పదకొండు అడుగులతో మొదలైంది. అవి పూర్తయ్యేదాకా కోట తలుపు తెరిచి ఉంచడం ఎలాగో పెద్ద దున్నలన్నీ నేర్చుకున్నాయి.

నీతి: ఎవరిని కాపాడాలో వాళ్ళను పక్కన పెట్టి చేసే సాధన చూడ్డానికి బాగుంటుంది, ఆపదలో అక్కరకు రాదు.