మూడోసారి అడగాల్సిన చోటు

గురువుగారు వానకాలపు వాసం ముగించుకుని కొండ దిగి వస్తున్నారని తెలిసినప్పటి నుంచి ఆర్యదత్తుడికి ఒకటే ఆలోచన. సిరిన్న సంగతి ఆయనకి తనే ముందు చెప్పాలి. వేరే ఎవరి నోటి నుంచో వినకూడదు.

కృష్ణ ఒడ్డున, ఇప్పుడు ఆనకట్ట నీళ్ళ కింద ఉన్న లోయలో, ఎప్పుడో ఒక బౌద్ధ విహారం ఉండేదని మా నాయనమ్మ చెప్పేది. ఎక్కడెక్కడి పిల్లలో అక్కడికి చదువుకోవడానికి వచ్చేవాళ్ళట. పొద్దున పాఠాలు, సాయంత్రం గోదాలో కుస్తీ. గోదా చుట్టూ కూర్చుని చూడటానికి రాతిమెట్లు. మా వాళ్ళ ఊరు కూడా ఆ నీళ్ళలోనే పోయింది. అందుకేనేమో, ఈ కథ మొదలుపెట్టగానే ఆవిడ గొంతు కాస్త తగ్గేది.

ఆ విహారానికి పెద్ద సుమన భదంతులవారు. ఆయన లేని నెలల్లో అన్నీ చూసుకునేది పెద్ద శిష్యుడు ఆర్యదత్తుడు.

భదంతులవారు వచ్చారు. కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించారు. అందరి పేర్లూ అయ్యాక కూడా ఇంకా ఎవరి కోసమో వెతుకుతున్నట్టు చూశారు.

"సిరిన్న ఏడీ?"

"పంపించేశాం, భంతే," అన్నాడు ఆర్యదత్తుడు.

సిరిన్నని నల్లమల గూడెం నుంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది భదంతులవారే. ఇసుకలో వేలు పట్టి అక్షరాలు దిద్దించిందీ ఆయనే. అక్షరాలకన్నా వాడికి గోదా బాగా పట్టుబడింది. విహారంలో వాణ్ణి పడగొట్టేవాడు లేడు.

ఆర్యదత్తుడు జరిగింది చెప్పాడు. ఒక సాయంత్రం సిరిన్న, వాడి జోడు వేణన్న గోదాలో ఉన్నారు. సిరిన్న చెయ్యి మెలిపెట్టి పట్టు బిగించాడు. వేణన్న నేల మీద తట్టాడు. తట్టాడంటే వదిలేయాలి. గోదాలో దిగినవాడికి మొట్టమొదట నేర్పే సంగతే అది. సిరిన్న వదల్లేదు. వేణన్న భుజం కీలు జారిపోయింది.

"మెట్ల మీద ఉన్నవాళ్ళం అందరం చూశాం, భంతే. దాపరికం ఏమీ లేదు. వేణన్న స్నేహితులు ఊరుకునేలా లేరని వాణ్ణి అప్పటికప్పుడు పుట్టి ఎక్కించి అవతలి ఒడ్డుకి పంపేశాను. పిలిచేదాకా ఇటు రావద్దన్నాను."

"మంచిపని చేశావు."

"కార్తీక పున్నమి పోటీలు దగ్గర పడ్డాయి. వర్తకులంతా వచ్చి బతిమాలారు. సిరిన్న లేకపోతే మన పరువేం కానన్నారు. ఆ నూనె వర్తకుడైతే, 'పోయింది చెయ్యే కదండీ, ప్రాణం కాదు కదా' అన్నాడు. ఇక ఏ సాయం కోసమూ తన గుమ్మం తొక్కొద్దని బెదిరించాడు కూడా. నేను లొంగలేదు, భంతే."

"అదీ మంచిపనే."

ఆర్యదత్తుడి గుండె తేలికపడింది. "ఆ తర్వాత సంఘాన్ని కూర్చోబెట్టాను. పద్ధతి తప్పలేదు. 'సిరిన్నని విహారం నుంచి పంపివేస్తున్నాం. కాదన్నవాళ్ళు మాట్లాడండి. ఒప్పుకున్నవాళ్ళు ఊరుకోండి' అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఎవరూ మాట్లాడలేదు."

"సిరిన్న కూడా మాట్లాడలేదా?"

"వాడు అవతలి ఒడ్డున ఉన్నాడు కదా, భంతే."

"అవును కదూ," అన్నారు భదంతులవారు. లేచి, "వేణన్నని చూద్దాం, పద," అన్నారు.

వేణన్న వసారాలో కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి గుడ్డతో మెడకి కట్టి ఉంది. గురువుగారిని చూసి లేవబోతే ఆయనే వాడి పక్కన చతికిలబడ్డారు.

"నొప్పి ఎలా ఉందిరా?"

"పరవాలేదు, భంతే. ఎడమ చేత్తో నీళ్ళు తోడటం కూడా వచ్చేసింది. రాయడం మాత్రం రావట్లేదు." వాడు ఆర్యదత్తుడి వైపు ఓరగా చూశాడు. "తొందరేమీ లేదు లెండి."

భదంతులవారు నవ్వారు. తర్వాత మెల్లగా అడిగారు. "ఇంకేమన్నా కావాలా నాయనా?"

వేణన్న తల వంచుకున్నాడు.

"నేను తట్టాను, భంతే. గట్టిగానే తట్టాను. వాడికి తెలియలేదా? తెలిసీ వదల్లేదా? పడుకున్నా అదే, లేచినా అదే. అందరూ వచ్చి నీకు న్యాయం జరిగిందిరా అంటున్నారు. వాణ్ణి పంపేశారు. ఇక నేనెవర్ని అడగను?"

"వాడి మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఎదురుపడితే ఈ ఎడమ చేత్తోనే కొడతాను. అయినా సాయంత్రం డోలు మోగితే నా కాళ్ళు రేవు వైపే పోతున్నాయి. ఏం చేయను?"

అంతలో గోదా దగ్గర డోలు మోగనే మోగింది. వేణన్న ఇక కూర్చోలేకపోయాడు. లేచి నడిచాడు. వాడి వెనకే గురువుగారు, ఆయన వెనక ఆర్యదత్తుడు. కొన్నాళ్ళుగా ఆర్యదత్తుడు ఆ వేళప్పుడు రేవుకి రావడం మానుకున్నాడు.

నది నిండుగా ఉంది. ఎర్రనీళ్ళు తేరుకుంటున్నాయి. అవతల ఇసుకతిన్నె మీద వేలెడంత మనిషి. ఇక్కడ డోలు దెబ్బ పడుతుంటే అక్కడ వాడు దండీలు తీస్తున్నాడు. పక్కన ఎవరూ లేరు. వంగుతున్నాడు, లేస్తున్నాడు. డోలు ఆగగానే వాడూ ఆగి, ఇటు తిరిగి నిలబడ్డాడు.

"గూడేనికి వెళ్ళిపొమ్మని కబురు పంపాను," అన్నాడు ఆర్యదత్తుడు నెమ్మదిగా. "వెళ్ళలేదు."

"పిలిచేదాకా ఉండమన్నావు కదా, ఉన్నాడు." భదంతులవారు రేవు మెట్టు మీద కూర్చున్నారు. "దత్తా, ఆ రోజు సభలో అడిగావే, అదే మాట ఇప్పుడు వాణ్ణి అడుగు."

"ఇక్కడి నుంచా, భంతే?"

"సభ వాడికి ఇంకా దూరంగా జరిగింది కదా నాయనా."

వెనకే వచ్చి మెట్ల మీద చేరిన పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఆర్యదత్తుడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా గురువు మాట. నీళ్ళ అంచుకి దిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"సిరిన్నని విహారం నుంచి పంపివేస్తున్నాం! కాదన్నవాళ్ళు మాట్లాడండి!"

అవతల మనిషి ఉలిక్కిపడ్డట్టు కదిలాడు. ఒక చెయ్యి పైకెత్తాడు.

ఆర్యదత్తుడు రెండోసారి అరిచాడు.

వాడు పరుగెత్తుకొచ్చి నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళ లోతులో ఆగాడు. వాడి చేతులు నోటి దగ్గరికి వెళ్ళాయి. ఏదో అంటున్నాడు. ఒక మాట కాదు, చాలా మాటలు. మధ్యలో ఒకసారి తన కుడి భుజం మీద చరుచుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. గాలి ఇటు నుంచి అటు వీస్తోంది. ఈ ఒడ్డుకి నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

వేణన్న మెడ చాచి, ఊపిరి బిగబట్టి వింటున్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నారు భదంతులవారు.

"వినపడటం లేదు, భంతే."

"ఊరుకున్నాడా?"

ఆర్యదత్తుడు మళ్ళీ అవతలి ఒడ్డు వైపు చూశాడు. "లేదు, భంతే. మాట్లాడుతూనే ఉన్నాడు."

కళ్ళు తుడుచుకుని, మూడోసారి అరవడానికి చేతులు ఎత్తాడు. భదంతులవారు మెట్టు దిగి వచ్చి ఆ చేతుల్ని మెల్లగా కిందికి దించారు.

"మూడోసారి ఇక్కడి నుంచి కాదు."

ఆర్యదత్తుడు కాషాయం మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని పుట్టి దగ్గరికి నడిచాడు. చూస్తే అందులో వేణన్న ముందే ఎక్కి కూర్చుని ఉన్నాడు, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని.

"నువ్వెందుకురా, ఆ చెయ్యి వేసుకుని?"

"మీరు అడగాల్సింది మీరడగండి, అయ్యా. నేనడగాల్సింది నేనడుగుతాను."

"కాస్త జరుగు," అని ఆర్యదత్తుడూ ఎక్కాడు.

పుట్టి గుండ్రంగా తిరుగుతూ సాగింది. వాళ్ళకి ఒకసారి ఈ ఒడ్డు ఎదురయ్యేది, ఒకసారి ఆ ఒడ్డు. రేవు మెట్టు మీద భదంతులవారు కూర్చునే ఉన్నారు. అవతల, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డవాడు ఇంకా చెబుతూనే ఉన్నాడు.