నూరు దగ్గర నిలవని అంకె

గురుశిష్యుల కథలు చెప్పడంలో నన్ను మించినవాడు గోదావరి జిల్లాల్లోనే లేడు. మా గురువుగారికి ఉన్నది ఇద్దరు శిష్యులం, రెండోవాడు నోరు విప్పడు. పోటీ అంతమాత్రం.

ఆ రెండోవాడు సూరిబాబు. గురువుగారు త్రిమూర్తులు గారు. రామమందిరం మేడ మీద గదిలో మాకు ప్రోగ్రాములు రాయడం నేర్పుతారు. శనివారం సాయంత్రం కింద హాల్లో భజన నడిపిస్తారు. రెండింటికీ అదే చాప, అదే కళ్ళజోడు.

సూరిబాబు మొదటి ప్రోగ్రాము భజన మైకుకి. తెర మీద ఒక మీట పెట్టాడు, వేలితో జరిపితే సౌండు తగ్గాలి. మీట నున్నగా జరిగేది. సౌండు మాత్రం తగ్గేది కాదు, ఎందుకంటే మీటని లోపల దేనికీ తగిలించడం మర్చిపోయాడు. ఆ రోజు నుంచి వాణ్ణి నేను ‘ఉత్తుత్తి మీట’ అని పిలుస్తున్నాను. ప్రేమగానే.

ఆ పేరు పోగొట్టుకోవాలని వాడు రెండో ప్రోగ్రాము రాశాడు. వాళ్ళ పిన్ని వీరలక్ష్మి గారికి కోడిపిల్లల హేచరీ ఉంది. గుడ్లు పొదిగే మెషీన్ కొత్తది కొన్నారు. మెషీన్‌కి సెల్సియస్ తప్ప తెలియదు. పిన్నికి ఫారన్‌హీట్ తప్ప తెలియదు. అందుకని సూరిబాబు తెర మీద రెండు గడులు పెట్టాడు, ఒకటి పిన్నికి, ఒకటి మెషీన్‌కి. లోపల రెండు వేరియబుల్స్, అంటే ప్రోగ్రాము అంకెని గుర్తుపెట్టుకునే చోట్లు, గడికొకటి. ఇది మారితే దాన్ని మారుస్తుంది, అది మారితే దీన్ని మారుస్తుంది.

“ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటాయిరా,” అన్నాడు నాతో. “అన్నదమ్ముల్లాగా.”

“మీ అన్నదమ్ములు మాట్లాడుకుని ఎన్నేళ్ళయింది?” అన్నాను. వాడు వినిపించుకోలేదు.

శనివారం పొద్దున్న హేచరీలో మెషీన్ ఖాళీగా నడిపి చూశాం. మర్నాడు పొద్దున్నే గుడ్లు వెయ్యాలి. జాతికోడి గుడ్లు, పిన్ని ఏడాదంతా పోగుచేసిన కోళ్ళ మందవి.

పిన్ని తన గడిలో నూరు కొట్టింది. పక్క గడి ముప్పై ఎనిమిది అంది. బాగుంది. రెప్పపాటులో నూరు నూటొకటైంది. పక్కది ముప్పై తొమ్మిదైంది. ఇది నూటమూడైంది. అది నలభై అయింది. చివరికి నూటనాలుగు దగ్గర ఆయాసపడి ఆగింది.

“ఒరేయ్ సూరీ,” అంది పిన్ని, “నేను గుడ్లు పొదగమన్నానా, ఉడకబెట్టమన్నానా?”

పాయింటు తర్వాత అంకెలు కనిపిస్తే పిన్ని కంగారుపడుతుందనీ, గుడ్లకి చలి తగలకూడదనీ, సూరిబాబు ప్రతి మార్పులో మిగిలిన ముక్కని పైఅంకెకి నెట్టేశాడు. ఒక గడి పిసరంత పెంచేది, రెండోది దాన్ని నిజమని నమ్మి ఇంకో పిసరు కలిపేది.

మధ్యాహ్నమంతా కుస్తీ పట్టాడు. ఒక వైపు లంకె తెంపితే, పిన్ని గడి మారినా మెషీన్ గడి పాత అంకె మీదే కూర్చుంది. రెండో వైపు తెంపితే మెషీన్ మారినా పిన్నికి తెలియలేదు. రెండూ కలిపితే మళ్ళీ పరుగు.

“రేపు గుడ్లు వెయ్యమంటావా, పక్క ఊరి హేచరీకి పంపెయ్యమంటావా?” అని పిన్ని ఫోన్‌లో అడిగింది. వాడు ఫోన్ పెట్టేసి గురువుగారి దగ్గరికొచ్చాడు. నేనూ వచ్చాను, వినోదం వదులుకోవడం ఎందుకని.

గురువుగారు తెర వైపు చూశారు.

“రెండూ ఒకదాని మాట ఒకటి వింటాయండి,” అన్నాడు సూరిబాబు. “అయినా కుదరట్లేదు.”

“భజనకి వేళైంది. పద,” అన్నారాయన.

“గురువుగారూ, రేపు పొద్దున్నే గుడ్లండి...”

“ఎడమ వరసలో ముందు కూర్చో.”

మా భజనలో రెండు వరసలు. ఒక వరస పాడితే రెండోది అందుకుంటుంది. మధ్యలో గురువుగారు తాళాలు వేస్తారు. ఆ రోజు ఆయన తాళాలు ఒళ్ళో పెట్టుకున్నారు.

“కుడి వరస ఎడమ వరసను వినండి. ఎడమ వరస కుడి వరసను వినండి. కానివ్వండి.”

మొదట హాయిగా సాగింది. కాసేపటికి కుడివాళ్ళు ఒక పిసరు ముందుకి జరిగారు. ఎడమవాళ్ళు వాళ్ళని అందుకుని, ఇంకో పిసరు కలిపారు. డోలక్ అప్పారావుకి చెమటలు పట్టాయి. నామంలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వెనక నుంచి మంగతాయారమ్మ గారు అరిచారు, “ఏం నాయనా, రైలు అందుకోవాలా?”

అంతటితో పాట కుప్పకూలింది.

“ఎవరు పరిగెత్తించారు?” అన్నారు గురువుగారు.

“వాళ్ళేనండి, మేం అందుకున్నామంతే,” అంది కుడి వరస.

“అబ్బో! మీరు తోస్తేనే కదండీ మేం పరిగెత్తింది!” అంది ఎడమ వరస.

ఆయన తాళాలు చేతిలోకి తీసుకున్నారు. “ఇప్పుడు ఒకళ్ళనొకళ్ళు వినకండి.”

అని తాళం వేశారు. అంతే.

పాట నడిచింది. కుడివాళ్ళు ఆపినచోట ఎడమవాళ్ళు ఎత్తుకున్నారు. ఎవరూ ఎవరినీ తొయ్యలేదు. అప్పారావు చెమట తుడుచుకున్నాడు. సూరిబాబు పాడటం మానేసి ఆయన చేతుల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి, ప్రసాదం కూడా తీసుకోకుండా మేడెక్కాడు. వాడి వాటా శనగలు వృథా కాకుండా నేను చూసుకున్నాను.

మర్నాడు పొద్దున్న గురువుగారు కూడా హేచరీకి వచ్చారు. పిన్ని నూరు కొట్టింది. పక్క గడిలో ముప్పై ఏడు పాయింట్ ఎనిమిది పడింది. అందరం చూస్తున్నాం. నూరు నూరుగానే ఉంది.

“కదలట్లేదేంటిరా, పాడైందా?” అంది పిన్ని.

“లోపల ఎన్ని చోట్లు ఉన్నాయి?” అన్నారు గురువుగారు.

“ఒకటేనండి.”

“పైన రెండు గడులు కనిపిస్తున్నాయే?”

“అవి దాన్ని వింటున్నాయండి. ఏ గడిలో కొట్టినా ముందు దాని దగ్గరికే పోతుంది.”

ఆయన పిన్ని వైపు తిరిగారు. “గుడ్లు పెట్టమ్మా.”

పిన్ని ట్రేలు ఒక్కొక్కటే లోపలికి తోసింది. మూడు వారాల తర్వాత ఆ షెడ్డులో లేచిన కిచకిచల్లో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. సూరిబాబు మాత్రం ఏదో విన్నట్టే నిలబడ్డాడు.

ఇక ఒక్క సంగతి మిగిలింది. చెప్పకుండా తప్పించుకుందామనే చూశాను.

పాట పరిగెత్తిన ఆ సాయంత్రం ఎడమ వరసలో సూరిబాబు పక్కన కూర్చున్నది నేను. ప్రతి శనివారం అక్కడే కూర్చుంటాను. నా నోరు చూసినవాళ్ళు అందరికంటే గట్టిగా పాడేది నేనే అనుకుంటారు. నేను చేరిన మొదటి శనివారమే గురువుగారు నా గొంతు విని, పక్కకి పిలిచి, చెవిలో మెల్లగా అన్నారు:

“నువ్వు పెదాలు కదిపితే చాలు నాయనా.”