ట్రాన్స్‌ఫార్మరు లేని గొంతు

చనిపోయిన పెద్దదొర పాత వాల్వు రేడియోలోంచి మాట్లాడుతున్నాడని, నేతగాళ్లని పేట ఖాళీ చేయమంటున్నాడని ఊరంతా వణికిపోయింది. ఆ గొంతు ఇంకా గట్టిగా వినిపించాలని అతని కొడుకు చినదొర రేడియోలు బాగుచేసే దస్తగిరిని పిలిపించాడు.

దస్తగిరి జనం ముందే, గోడవారనున్న రేడియో వెనక అట్ట విప్పాడు. స్పీకరుకి ధ్వని పంపే ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడో మాడిపోయి ఉంది. దాన్ని ఊడదీసి గుప్పిట్లో దాచుకుని, "పెద్దదొరగారూ, పేట ఖాళీ చేయాల్సిందేనా?" అని అడిగాడు.

"చేయాల్సిందే," అంది గొంతు, నూతిలోంచి వచ్చినట్టు. జనం చేతులు జోడించారు.

దస్తగిరి చినదొరకి మాత్రమే కనబడేలా గుప్పిట విప్పాడు. "ఇది లేకుండా రేడియో మూలగనైనా మూలగదు బాబూ," అన్నాడు మెల్లగా. "గోడ వెనకాయన్ని నలుగురిలోకి పిలవమంటారా? లేక పెద్దదొరగారి మనసు మారిందేమో మీరే అడుగుతారా?"

చినదొర ముఖం పాలిపోయింది. "నాన్నగారూ, వాళ్లని అక్కడే ఉండనిద్దామా?" అన్నాడు పైకి.

"ఉండనీ," అంది గొంతు.

దస్తగిరి కొత్త ట్రాన్స్‌ఫార్మరు బిగించాడు. రేడియో సన్నాయి పాడింది. పెద్దదొర మళ్లీ మాట్లాడలేదు.