స్థిరకేతువు ధ్రువపీఠపు తగవు

పూర్వం కృతయుగాన, సకల జ్యోతిశ్చక్రమూ కళ్లంలో రాట చుట్టూ తిరిగే ఎడ్లలాగ తన చుట్టూ పరిభ్రమిస్తుండగా, ఆకాశపు నడిమి పీఠాన కదలక మెదలక కూర్చున్న స్థిరకేతువనే నక్షత్రరాజుకు, తన దాయాది మార్గణుడి పేరు వింటేనే కడుపులో నిప్పులు పోసినట్లుండేది. కారణం లేకపోలేదు. భూలోకంలో కొత్త పెళ్లికూతుళ్లకు ధ్రువదర్శనం చేయించే పురోహితుల వేలు ఒకప్పుడు తిన్నగా తనమీదనే నిలిచేది. ఇప్పుడా వేలు మార్గణుడి వైపు ఒరుగుతూ వచ్చింది. ఓడలు నడిపేవాళ్లు సైతం ఉత్తరదిక్కుకు తనను నమ్మడం మానుకున్నారు. పక్కవాడు గట్టు జరపనిదే మన చేను ఎలా తరుగుతుంది?

ఆ మంట ఆపుకోలేక స్థిరకేతువు సత్యలోకానికి వెళ్లి, చతుర్ముఖుడూ సృష్టికర్తా అయిన బ్రహ్మదేవుని పాదాలకు మ్రొక్కి, "పితామహా! నా పీఠాన్ని ఈ మార్గణుడు కొంచెం కొంచెంగా కాజేస్తున్నాడు. నా వైపు జరుగుతుండగా కళ్లారా చూశాను" అని మొరపెట్టుకున్నాడు.

పిలిపించగా సభకు వచ్చిన మార్గణుడు నవ్వాడు. "అన్నా, నువ్వు చూసింది మూడువందల ఏళ్ల కిందటి నన్ను. నా దగ్గర బయలుదేరిన వెలుగు నీ గుమ్మం తొక్కడానికి అంతకాలం పడుతుంది. పాత ముఖం చూసి కొత్త దొంగతనం అంటగడతావేం?"

"చాల్లేరా! నోరు తప్ప ఏముంది నీకు? భూమికి దగ్గర గనక మెరుస్తున్నావు. నా అంత దూరాన కూర్చుంటే మిణుగురుపాటి కూడా చెయ్యవు."

"చెయ్యను. అయినా వాళ్లు చూస్తున్నది నన్నే కదా!"

నాలుగు ముఖాలలో ఏ ఒక్కదానా నవ్వు రానీయక, విధాత శంకువర్ణ మహర్షిని రప్పించాడు. ఆయన తరతరాలుగా ఆకాశాన్ని కాపు కాస్తున్న వంశంలో పుట్టిన తపోధనుడు.

"దేవా, తొమ్మిదివందల ఏళ్ల కిందట మా మూలపురుషుడు కొండరాతికి ఒక రాగిగొట్టం బిగించాడు. నాడు అందులోంచి చూస్తే నడుమ స్థిరకేతువే. తొంభై ఏళ్లకొక చంద్రబింబమంత మేర పక్కకు పోతూ వచ్చాడు. కాని చుక్కకూ చుక్కకూ నడిమి ఎడం వెంట్రుకవాసి మారలేదు. ఎవరూ గట్టు జరపలేదు స్వామీ. ఒరిగి తిరిగే బొంగరం తల ఆడించినట్లు భూదేవే తన ఇరుసును తిప్పుతోంది. ఒక్క చుట్టుకు ఇరవైఆరువేల ఏళ్లు. ఆ ఇరుసు ఎవరికేసి చూస్తే పీఠం వారిది."

స్థిరకేతువు తల వంచుకున్నాడు. నేరం అబద్ధమని తేలినా మంట చల్లారలేదు.

"వత్సా, నీ దుఃఖం నిజం. వరం కోరుకో" అన్నాడు బ్రహ్మ.

పీఠం తిరిగి ఇమ్మని అడుగుతాడని సభ అంతా అనుకుంది. స్థిరకేతువు మాత్రం దాయాదిని ఓరకంట చూసి, "వీడికీ అది శాశ్వతం కాకూడదు" అన్నాడు.

"తథాస్తు" అన్నాడు పద్మసంభవుడు. "వీడికే కాదు, ఎవ్వరికీ కాదు."

మార్గణుడి నవ్వు ఆగిపోయింది. అంతట నక్షత్రాలన్నీ తమ తమ కక్ష్యలకు మరలగా, పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ తిరగని స్థిరకేతువు కూడా వాటితోపాటే తిరగసాగాడు. శంకువర్ణుడు తాటాకు మీద వ్రాసి పెట్టిన ప్రకారం, ఆనాటికి అతడు పోగొట్టుకున్నది పది చంద్రబింబాల వెడల్పు ఆకాశం.