పేర్లమ్మ గట్టు: పూలను పేరుపెట్టి పిలిచే చోటు

చింతలేరు గ్రామానికి తూర్పున, పత్తి చేల నడుమ, నాగలి తాకని గట్టు ఒకటి ఉన్నది. దానిపై కప్పు లేని చిన్న గద్దె, పసుపు పూసిన రాయి. ఆ రాయే శ్రీ పేర్లమ్మ తల్లి. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు, అంగడి పూలదండ వేయరు.

పూర్వం ఇక్కడ తిమ్మారెడ్డి అనే రైతు ఉండేవాడు. కష్టజీవి. చేనులో పైరు తప్ప మరో మొక్క కనబడితే సహించేవాడు కాదు. ఒక ఏడు గట్లన్నీ తవ్వించి చేనులో కలిపివేశాడు. ఊరి మంత్రసాని ఓబుళమ్మ వచ్చి, "రెడ్డిగారూ, ఆ గట్టు పూలతోనే నేను పిల్లలకు మందు నూరేది. ఒక్క గట్టయినా వదిలిపెట్టండి" అని వేడుకొన్నది.

"కలుపు కలుపే, ఓబుళమ్మా" అని ఆయన పని ఆపించలేదు.

ఆ శ్రావణంలోనే ఆయన మనుమరాలు, నాలుగేండ్ల లింగమ్మ, జ్వరంతో పడిపోయింది. ఆయనే స్వయంగా మంత్రసాని గుడిసెకు వెళ్లాడు. ఆమె పాత మాట ఎత్తక మూడు రోజులు పొలాలన్నీ తిరిగింది. కావలసిన నీలిపూల మొక్క ఒక్కటీ దొరకలేదు. నాలుగవ నాటి ఉదయం బిడ్డ కన్నుమూసింది.

బిడ్డను మట్టి చేసి వచ్చిన మధ్యాహ్నం తిమ్మారెడ్డికి కునుకు పట్టింది. కలలో జుట్టు విరబోసుకొన్న ఒక స్త్రీ కనబడి, "నీ ఒక్క బిడ్డకు ఏడుస్తున్నావు. నా బిడ్డలు ఎందరు పోయారో, వారి పేర్లయినా నీకు తెలియవు" అన్నదట. ఆయన లేచి నేరుగా ఓబుళమ్మ వద్దకు వెళ్లి, "గట్లపై పోయిన ఆ పూల పేర్లు నాకు చెప్పు తల్లీ" అని అడిగాడు. ఆమె తలచుకొని తలచుకొని చెప్పింది. ఆయన మట్టి మోసి మళ్లీ గట్టు వేసి, రాయిని నిలిపి, బ్రతికినన్నాళ్లు ప్రతి ఉదయం ఆ పేర్లు పలికాడు. కొన్ని పూలు తిరిగి వచ్చాయి. నీలిపువ్వు రాలేదు.

నాటి నుండి కార్తీకంలో తొలి ఆదివారం భక్తులు చుట్టుపక్కల పొలాలు నడిచి, కనబడిన ప్రతి పూవు పేరును, పూవును కోయకుండా, అమ్మవారికి విన్నవిస్తారు. బడిపంతులమ్మగా పదవీ విరమణ చేసిన కుళ్లాయమ్మ గారు ఇరవై ఏండ్లుగా కొందరు స్వచ్ఛంద సేవకులతో వాటిని పుస్తకంలో వ్రాయిస్తున్నారు. మొదటి ఏడు డెబ్బై ఒక్క పేర్లు వచ్చాయి. చేలలో కలుపును చంపే గడ్డిమందు వాడకం పెరిగింది; నిరుడు వచ్చినవి ఇరవై మూడే. ఇప్పుడు కనబడని వాటి పేర్లనూ పాత పుటల నుండి చదివి, ఒక్కొక్క పేరు వద్ద కాసేపు మౌనంగా నిలుస్తారు.

"లేనివి చదవడం దేనికమ్మా?" అని నిరుడు ఒక భక్తురాలు అడిగింది.

"మనం కూడా మానేస్తే ఇంకెవరు చదువుతారు?" అన్నారు కుళ్లాయమ్మ గారు.

ఈ సేవ చేసినవారి ఇంట పసిబిడ్డలు చల్లగా ఉంటారని నమ్మకం. వచ్చే భక్తులు పొలాలలో కాలి కింద చూచుకొని నడవ ప్రార్థన.