మస్తాన్ తెచ్చుకున్న గ్లాసు

మస్తాన్‌కు అరవై నాలుగేళ్లు. హెచ్‌ఐవి ఉందని తెలిసి తొమ్మిదేళ్లయింది. రోజూ వేళకు మాత్ర వేసుకుంటాడు. "ఎంగిలితో ఇది ఎప్పుడూ రాదు. ఇప్పుడు పరీక్షలో వైరస్ కనపడటమే లేదు, మీరిద్దరూ దగ్గరగా ఉన్నా మీ ఆవిడకు అంటదు" అని డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది. మస్తాన్ బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, ఎప్పట్లాగే విడిగా కూర్చుని తినేవాడు. భార్య జైనబీ పక్కకొస్తే జరిగేవాడు. ఇట్లాగే ఉంటే అన్న ఇంటికి వెళ్లిపోతానని ఆమె చెప్పేసింది.

ఆ దిగులుతో కొండమీది దర్గాకెళ్లి, తన జబ్బు సంగతి చెప్పుకుని, తనను మురీదుగా, అంటే శిష్యుడిగా, చేర్చుకోమని అక్కడి గురువు పీర్ సాహెబును అడిగాడు.

అక్కడొక పద్ధతి ఉంది. పీరు తన గిన్నెలోంచి షర్బత్ ఒక గుక్క తాగి, మిగిలింది ఇస్తాడు. ఆ ఎంగిలి తాగినవాడు శిష్యుడు.

మర్నాడు తెల్లవారింది. మబ్బు గుమ్మంలోంచి లోపలికొచ్చి సాంబ్రాణి పొగలో కలిసిపోతోంది. వెంట వచ్చి గడప దగ్గర కూర్చున్న జైనబీ ముఖం కాసేపు కనిపిస్తుంది, కాసేపు మాయమవుతుంది. దూరంగా ఎవరో పాడుతున్నారు, మాటలు మాత్రం తెలియడం లేదు.

మస్తాన్ సంచిలోంచి స్టీలు గ్లాసు తీశాడు.

"నాకు దీంట్లో పోయండి సాబ్. మీ గిన్నెకు నా నోరు తగలకూడదు. నా జబ్బు నాతోనే పోవాల."

ఆ మాటలో బాధ ఎంతుందో, గర్వమూ అంతే ఉంది. త్యాగం చేసేవాళ్లకు ఆ మాత్రం మీసం ఉంటుంది.

పీరు గ్లాసు నింపాడు. "తాగు."

"ముందు మీరు కదా సాబ్?"

"తాగవయ్యా."

మస్తాన్ సగం తాగాడు. పీరు చెయ్యి చాచి ఆ గ్లాసు తీసుకుని, మిగిలిన సగం తీరిగ్గా తాగి గడ్డం తుడుచుకున్నాడు.

"అయ్యో సాబ్! ఎంత పని చేస్తిరి!"

"ఎంగిలికి రాదని నీకు తెలియదా?"

"తెలుసు."

"మరి?"

"తెలిసినా భయం పోలేదు సాబ్."

పీరు చేతులు కట్టుకుని, వంగి, అతనికి సలాం చేశాడు.

"మీ ఎంగిలి నేను తాగాను. ఇంక మీరే నా పీరు. చెప్పండి, నాకేం నేర్పిస్తారు? భయపడటమా?"

మస్తాన్ గడప వైపు తిరిగాడు.

"జైనూ, ఇట్లా వచ్చి నా పక్కన కూర్చో."

మబ్బులోంచి జైనబీ గొంతు వినిపించింది.

"తొమ్మిదేళ్లు నేనే వస్తిని. ఈసారి మీరే రాండి."

మస్తాన్ లేచాడు.